స్పేస్ హారర్ యాక్షన్ స్క్రీన్‌ప్లే: అరిగిపోయిన ఫార్ములాలతోనే భయపెట్టడం ఎలా

ఆపదలో ఉన్నామంటూ ఒక సిగ్నల్. వెళ్లి చూస్తే మనుషుల్లేని ఓడ. మినుకుమినుకుమనే లైట్లు, విడివిడిగా వెతుకుదామనే కెప్టెన్, కంపెనీ రహస్య ఆదేశం, పది నిమిషాల కౌంట్‌డౌన్, ఆఖర్న తప్పించుకునే చిన్న నౌకలో (పాడ్‌లో) నక్కిన జీవి. ఈ జానర్‌లో రాయబోయేవాళ్లందరూ అడిగే ప్రశ్న ఒకటే: ఇవన్నీ జనం చూసేశారు కదా, ఉంచాలా, తీసేయాలా?

ఉంచండి. టికెట్ కొనేది వాటికోసమే. ఆ ఓడలో, ఆ నిమిషంలో అది జరగడానికి తగిన కారణం కనబడనప్పుడే ప్రేక్షకుడు ఫోన్ తీస్తాడు. ఆ కారణం ఓడ మ్యాపులోంచి, గాలి లెక్కలోంచి, జీవి స్వభావంలోంచి రావాలి. అందుకే ఈ క్రమంలో సీన్లు రాయడం చాలా ఆలస్యంగా వస్తుంది.

ఇక్కడి లెక్కలు 130 నిమిషాల సినిమాకి. షార్ట్ ఫిల్మ్ అయితే గదులు, మనుషులు, ఫార్ములాలు అన్నీ మూడో వంతుకి తగ్గించండి. క్రమం మాత్రం మార్చకండి.

## 1. ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- రెండు చార్ట్ పేపర్లు: ఒకటి ఓడ మ్యాపుకి, ఒకటి నిమిషాల గీతకి
- సీన్‌కొకటి చొప్పున 60 నుంచి 70 కార్డులు
- మూడు రంగుల పెన్నులు: మనుషుల కదలికకి ఒకటి, జీవికి ఒకటి, గాలికీ కరెంటుకీ కలిపి ఒకటి
- కాలిక్యులేటర్, స్టాప్‌వాచ్
- గ్రావిటీ గురించి నిర్మాతతో తేల్చుకున్న మాట

ఈ చివరిది చాలామంది వదిలేస్తారు. ఓడలో బరువు ఉందా లేదా అన్నది సైన్స్ ప్రశ్న కంటే ముందు బడ్జెట్ ప్రశ్న. బరువు లేదంటే ప్రతి సీన్‌కీ నటుల్ని వేలాడదీసే రోప్‌లు, ఆ రోప్‌లు చెరపడానికి సీజీ (కంప్యూటర్ గ్రాఫిక్స్). ఉందంటే ఎందుకుందో ఒక్క ముక్క చెప్పాలి. తిరిగే ఓడ అయితే, నిమిషానికి రెండు చుట్లు తిరుగుతూ భూమి మీదంత బరువు పుట్టాలంటే చక్రం వ్యాసార్థం సుమారు 224 మీటర్లు ఉండాలి. అంత పెద్ద ఓడ కథకి వద్దనుకుంటే బరువు తగ్గించండి.

బడ్జెట్‌కీ కథకీ కలిసొచ్చే దారి ఒకటుంది. మూడొంతుల సినిమా బరువుతో నడిపించి, సెకండాఫ్‌లో ఒకే ఒక్క బ్లాక్‌లో చక్రాన్ని ఆపేయండి. రోప్ వర్క్ పది నిమిషాలకి పరిమితమవుతుంది, యాక్షన్ రూపం పూర్తిగా మారిపోతుంది.

## 2. ఓడ మ్యాపు: తలుపులే మీ అసలు పాత్రలు

తొమ్మిది నుంచి పన్నెండు గదులు చాలు. అంతకు మించితే ఎవరెక్కడున్నారో ప్రేక్షకుడికి గుర్తుండదు. గుర్తులేని చోట టెన్షన్ పుట్టదు.

గీసే వరుస ఇది:

1. ముందు ఒక వెన్నెముక దారి, పొడవునా ఒకే కారిడార్.
2. దానికి సమాంతరంగా ఇరుకైన రెండో దారి. తరిమే సీన్లన్నీ ఈ రెండింటి మధ్యే నడుస్తాయి.
3. కచ్చితంగా ఒక గుడ్డి చివర. వెళ్తే తిరిగి రావడానికి వేరే దారి ఉండకూడదు.
4. ఎయిర్‌లాక్ (శూన్యంలోకి వెళ్లే రెండు తలుపుల చిన్న గది), కంట్రోల్ రూమ్, ఇంజన్, మెడికల్, భోజనాల గది. భోజనాల గదిని ఓడ మధ్యలో పెట్టండి.
5. తప్పించుకునే పాడ్‌ని ఇంజన్‌కి అవతలి కొసన పెట్టండి. క్లైమాక్స్ పరుగు పొడవు ఇక్కడే తేలిపోతుంది.

ఇప్పుడు ఒక్కో తలుపుకీ నాలుగు జవాబులు రాయండి. కరెంటు పోతే తెరుచుకుంటుందా, మూసుకుంటుందా? చేత్తో తిప్పే చక్రం ఏ వైపుంది? అద్దం ఉందా? గాలి ఆపుతుందా లేక చూపు మాత్రమే ఆపుతుందా?

తలుపు ఎంత కథ నడిపిస్తుందో 1997 జూన్‌లో రష్యా అంతరిక్ష కేంద్రం మీర్‌లో జరిగినదాన్ని చూస్తే తెలుస్తుంది. సరుకుల నౌక ప్రోగ్రెస్ వచ్చి స్పెక్టర్ మాడ్యూల్‌ని గుద్దింది. గాలి కారిపోతోంది. ఆ మాడ్యూల్ తలుపు మూసేద్దామంటే, దాని గుండా కేబుళ్లు వెళ్తున్నాయి. వాటిని ఊడదీసి, కోసి, అప్పుడు మూశారు. ఆ కేబుళ్లతోపాటు స్పెక్టర్ సోలార్ పలకల కరెంటూ పోయింది. తలుపు మూస్తే గాలి దక్కుతుంది, వెలుగు పోతుంది. 'లైట్లు మినుకుమనడం' అనే ఫార్ములాకి ఇంతకంటే మంచి కారణం దొరకదు.

ఇక్కడ జరిగే తప్పు: మనిషి పాకే గాలి గొట్టాలు. నిజమైన స్టేషన్లలో గాలి గొట్టంలో మనిషి పట్టడు. పాకే సీన్ కావాలంటే దాన్ని పైపులూ కేబుళ్లూ నడిచే మరమ్మతు సొరంగంగా మార్చి, ఫస్టాఫ్‌లోనే ఒక టెక్నీషియన్‌ని అందులోకి మామూలు పని మీద పంపండి. ఎంత ఇరుకో, ఎక్కడ మలుపో, ఏ మూత బిగుసుకుపోయిందో అప్పుడే చూపించాలి.

## 3. గాలి లెక్క: మీ రెండో విలన్

మామూలు పనిలో ఉన్న మనిషికి రోజుకి సుమారు 0.84 కిలోల ఆక్సిజన్ కావాలి. బదులుగా కిలో దాకా కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. మన సినిమాల్లో అందరూ 'ఆక్సిజన్ అయిపోతోంది' అని అరుస్తారు. మూసిన గదిలో ముందు చంపేది కార్బన్ డయాక్సైడ్.

నలుగురు 50 ఘనమీటర్ల గదిలో ఇరుక్కున్నారనుకోండి. గాలి శుభ్రం చేసే యంత్రం పనిచేయడం లేదు. సుమారు 17 గంటలకి కార్బన్ డయాక్సైడ్ 3 శాతానికి చేరుతుంది. తలపోటు, ఆయాసం మొదలవుతాయి. అప్పటికి ఆక్సిజన్ 21 శాతం నుంచి 17 దగ్గరికి మాత్రమే పడుంటుంది. పరిగెత్తితే, కొట్టుకుంటే ఈ గంటలు సగానికీ అంతకన్నా తక్కువకీ పడిపోతాయి. కార్బన్ డయాక్సైడ్ 10 శాతం చేరితే స్పృహ ఉండదు.

రచయితకి దీని వల్ల లాభం: తలపోటు వచ్చిన మనిషి తప్పుడు నిర్ణయం తీసుకుంటాడు. 'ఇంత తెలివితక్కువగా ఎలా ప్రవర్తిస్తారు' అని ప్రేక్షకుడు తిట్టుకునే ప్రతి సీన్‌కీ ముందు గాలి మీటర్‌ని ఒకసారి చూపించండి. తిట్టు కాస్తా భయంగా మారుతుంది.

ఇక రంధ్రాల సంగతి. బుల్లెట్ తగలగానే జనం బయటికి కొట్టుకుపోవడం శుద్ధ అబద్ధం. లెక్క చూడండి:

- 100 ఘనమీటర్ల గది, 9 మిల్లీమీటర్ల రంధ్రం: పీడనం సగానికి పడడానికి దాదాపు గంటన్నర
- అదే గది, 30 సెంటీమీటర్ల రంధ్రం: సుమారు 5 సెకన్లు

మొదటిది సస్పెన్స్, రెండోది షాక్. చిన్న రంధ్రాన్ని ఒక సన్నని ఈలలా వినిపించి, వెతకడానికి గంటన్నర ఇస్తే అది పది సీన్లని మోస్తుంది. పెద్ద రంధ్రం ఒక్కసారికే, క్లైమాక్స్‌కి దాచుకోండి.

సూట్ లేకుండా శూన్యంలో పడ్డ మనిషి పేలిపోడు, క్షణంలో గడ్డకట్టడు. 10 నుంచి 15 సెకన్లలో స్పృహ తప్పుతాడు. 1966లో హ్యూస్టన్‌లోని నాసా శూన్యపు గదిలో సూట్ పరీక్షిస్తుండగా గొట్టం ఊడి, జిమ్ లెబ్లాంక్ అనే టెక్నీషియన్ సుమారు 14 సెకన్లకి పడిపోయాడు. నాలుక మీద ఉమ్మి బుడగలు కట్టడం తనకి చివరిగా గుర్తున్న సంగతి అని చెప్పాడు. వెంటనే గాలి నింపడంతో బతికాడు. మీ హీరోకి దొరికేది కూడా ఆ పది సెకన్లే. ఊపిరి బిగబట్టకూడదు, వదిలేయాలి. బిగబడితే ఊపిరితిత్తులు చిరుగుతాయి. ఈ ఒక్క వివరాన్ని ఫస్టాఫ్‌లో ట్రైనింగ్ మాటగా వేసి, క్లైమాక్స్‌లో వాడండి.

ఇక్కడ జరిగే తప్పు: ఐదు సెకన్లలో సూట్ తొడుక్కుని బయటికి దూకడం. నేటి స్పేస్‌వాక్ సూట్లలో పీడనం గది పీడనం కన్నా బాగా తక్కువ. ముందు చాలాసేపు ఆక్సిజన్ పీల్చి రక్తంలోని నైట్రోజన్‌ని వదిలించుకోకపోతే కీళ్లు పట్టేస్తాయి, ప్రాణం మీదికి రావచ్చు. మీ కథ భవిష్యత్తులోది కాబట్టి ఎక్కువ పీడనంతో పనిచేసే గట్టి సూట్ ఉందనుకోవచ్చు. ఆ మాట మొదటి పదిహేను నిమిషాల్లో చెవిన పడాలి, అంతే.

## 4. జీవికి ఒక పేజీ నియమాలు

బొమ్మ గీయించడానికి ముందు ఈ పేజీ రాయండి. డిజైనర్‌కి ఇచ్చే మొదటి కాగితం ఇదే.

- ఏం తింటుంది? గుప్పెడంత ఉన్నది 80 కిలోలు కావాలంటే ఆ బరువు ఎక్కణ్నుంచి వచ్చింది? స్టోర్ రూమ్‌లో ఖాళీ అయిన ఆహారం, మాయమైన శవం, ఏదో ఒకటి చూపించాలి.
- దేనితో పసిగడుతుంది: చూపు, వాసన, వేడి, కంపనం? ఒకటే ఎంచుకోండి. రెండు పెడితే మనుషులు దాక్కునే దారి మూసుకుపోతుంది.
- దేన్ని దాటలేదు? చలి, మంట, ఉప్పునీరు, తక్కువ పీడనం. ఒక్కటి.
- శూన్యంలో ఎంతసేపు బతుకుతుంది?
- ఎన్ని దశలు మారుతుంది? మూడు మించొద్దు.
- ఒకరి నుంచి ఒకరికి ఎలా సోకుతుంది, బయటపడడానికి ఎంత టైమ్?
- దానికి కావాల్సిందేమిటి? 'చంపడం' అనేది జవాబు కాదు. గూడు, వెచ్చదనం, పిల్లల్ని పెట్టడానికి చోటు, ఇలా ఉండాలి.

ప్రతి నియమాన్ని మూడుసార్లు వాడాలి. మొదటిసారి జాడగా కనబడుతుంది, అర్థం కాదు. రెండోసారి దానివల్ల ఎవరో పోతారు. మూడోసారి బతికున్నవాళ్లు దాన్నే ఆయుధం చేస్తారు. జీవి కంపనంతో పసిగడుతుందనుకుందాం. పంపు ఆగినప్పుడల్లా గోడలో చప్పుడు ఆగుతుంది, అది జాడ. బూట్లతో పరిగెత్తినవాడు పోతాడు. చివర్లో పంపుని కావాలని ఆన్ చేసి దాన్ని అటు రప్పిస్తారు.

ఈ పేజీని రాసేటప్పుడు దొరికే మోసం ఒకటుంది: జీవి తెలివి. సీన్ అవసరాన్ని బట్టి ఒకసారి తలుపు కోడ్ నొక్కేంత తెలివి, ఇంకోసారి ఎదురుగా నక్కినవాణ్ని చూడలేనంత మొద్దుతనం ఉంటే మొత్తం పేకమేడే. దాని తెలివికి కుక్క, కోతి, మనిషి అని మూడు గీతలు గీసి, ఒకటి ఎంచుకుని అక్కడే నిలబడండి.

## 5. సిబ్బంది: చావుకో పని ఆగాలి

ఏడుగురు సరిపోతారు. ఐదుకి తగ్గితే లెక్క ముందే తెలిసిపోతుంది, ఎనిమిది దాటితే పేర్లు గుర్తుండవు.

ఒక్కొక్కరికీ మరొకరు చేయలేని పని ఒకటి ఇవ్వండి. ఆ మనిషి పోయినప్పుడు ఆ పని ఆగుతుంది. పైలట్ పోతే డాకింగ్ (ఒక ఓడని ఇంకో ఓడకి తగిలించడం) కుదరదు. డాక్టర్ పోతే సోకిందో లేదో తేల్చేవాళ్లు లేరు. ఇంజనీర్ పోతే కార్బన్ డయాక్సైడ్ తీసే యంత్రం బాగవదు. చావుల వరుసని ఏడుపు బట్టి కాకుండా ఈ పనుల బట్టి వేయండి. డాక్టర్ ఎప్పుడూ సోకడం మొదలయ్యాక, పరీక్ష పూర్తి కాకముందే పోవాలి.

సైనికుల గుంపు ఉంటే ఇంకో మెట్టు. గొప్పలు పోయే దళం మొదటి ఎదురుదెబ్బకే సగం కూలిపోవడం అనే ఫార్ములా పనిచేయాలంటే, వాళ్లు నిజంగా పనిమంతులని ముందు చూపించాలి. మూలలు ఎలా కవర్ చేస్తారు, తూటాలు ఎలా లెక్కపెడతారు, ఒకరి మాట ఒకరు ఎలా పూర్తిచేస్తారు. చేతకానివాళ్లు చస్తే కామెడీ అవుతుంది. బాగా చేసేవాళ్లు అన్నీ సరిగ్గా చేసి కూడా చస్తే అప్పుడు భయం.

### డైలాగ్: డబ్బింగ్ వాసన తీసేయడం

స్పేస్ సినిమా అనగానే మన కలం డబ్బింగ్ తెలుగులోకి జారుతుంది.

'మనకి ఇక్కడ ఒక సమస్య ఉంది కెప్టెన్. నాకిది అస్సలు నచ్చడం లేదు.'

ఇది ఎవరూ మాట్లాడే భాష కాదు, పైగా ఏ సమాచారమూ లేదు. బదులుగా:

'మేడమ్, మూడో తలుపు తీసుంది. నేను మూసే వచ్చాను.'

భయం ఆ రెండో వాక్యంలో ఉంది. రేడియోలో మాట్లాడేటప్పుడు చోటు, అంకె, కదలిక, ఈ మూడే ఉండాలి. విశేషణాలు కోసేయండి.

ఇంకో సాధనం మన చేతిలోనే ఉంది. జూనియర్ టెక్నీషియన్ పెద్ద ఇంజనీర్‌ని 'అన్నా' అంటాడు, కెప్టెన్‌ని 'మీరు' అంటాడు. ప్రాణం మీదికొచ్చినప్పుడు ఒకే ఒక్కసారి ఆ 'మీరు' కాస్తా 'తలుపు తియ్, నువ్వు రా ముందు' అయిపోవాలి. సినిమా మొత్తంలో ఒక్కసారే. ఐదుసార్లు వాడితే అది అమర్యాద అవుతుంది తప్ప భయం కాదు.

## 6. ఫార్ములాలు, వాటికి కావాల్సిన కారణాలు

మీ కథలో ఆరు ఫార్ములాలకి మించి పెట్టకండి. ఒక్కోదానికీ ఒక కార్డు. కార్డు వెనక 'ఎందుకు?' అని రాసి, జవాబు మొదటి నాలుగు మెట్ల నుంచే రాయాలి.

ఆపద సిగ్నల్. 'మన ధర్మం కాబట్టి వెళ్దాం' అన్నది బలహీనం. వెళ్లకపోతే జీతం కోత, ఇంధనం అక్కడే దొరుకుతుంది, సిగ్నల్ పంపిన ఓడలో తమ్ముడున్నాడు, ఇలా వెళ్లక తప్పని కారణం ఉండాలి. భూమిని అడుగుదామంటే కాంతి వేగం అడ్డం. చంద్రుడి నుంచి మాట 1.3 సెకన్లలో చేరుతుంది. అంగారకుడి నుంచి ఒకవైపే 3 నుంచి 22 నిమిషాలు. గురుగ్రహం దగ్గర 33 నుంచి 53 నిమిషాలు. గురుడి దగ్గర కథ పెడితే ప్రశ్న అడిగి జవాబు వినేసరికి గంటకు పైగా పడుతుంది. 'సిగ్నల్ కట్ అయింది' అనే పాత సాకు అక్కర్లేదు. జవాబు వస్తుంది, కానీ అడిగినవాడు చనిపోయాక వస్తుంది. ఈ సీన్ ఒక్కటి చాలు.

క్వారంటీన్ ఉల్లంఘన. తలుపు తెరిచినవాడు మూర్ఖుడైతే కథ అక్కడే ఆగిపోతుంది. తెరవడమే సరైన పనిగా కనబడాలి. బయటున్నవాడి సూట్‌లో ఐదు నిమిషాల గాలి ఉంది, పరీక్షకి నలభై నిమిషాలు పడుతుంది. ఇప్పుడు మీరైనా తెరుస్తారు.

విడిపోయి వెతకడం. ఒకే సమయంలో రెండు చోట్ల, రెండు చేతులతో చేయాల్సిన పని పెట్టండి. ఇంజన్ రూమ్‌లో బ్రేకర్ పట్టుకుని ఉంటేనే కంట్రోల్ రూమ్‌లో స్క్రీన్ వెలుగుతుంది. విడిపోదామని ఎవరూ అనరు. విడిపోక తప్పదు.

కంపెనీ రహస్య ఆదేశం. ట్విస్ట్‌గా వాడొద్దు, అందరికీ తెలుసు. ముప్పయ్యో నిమిషంలోనే ప్రేక్షకుడికి చెప్పేయండి, సిబ్బందికి చెప్పకండి. ఆదేశం అందుకున్న మనిషి దుర్మార్గుడు కానక్కర్లేదు. బోనస్‌తో అప్పు తీరుతుందనుకునే అకౌంట్స్ మనిషి చాలు.

మోసం చేసే యంత్రమనిషి. అతను అబద్ధం ఆడకూడదు. అడిగినదానికి మాత్రమే జవాబిస్తాడని మొదట్లో స్థాపించండి. తర్వాత సరైన ప్రశ్న ఎవరూ అడగకుండా చూసుకోండి.

కదలికలు చూపే యంత్రం. దూరం చూపుతుంది, ఎత్తు చూపదు అనే ఒక్క లోపంతో మొత్తం సీన్ నడుస్తుంది. ఆ లోపాన్ని ముందే నవ్వులాటగా చెప్పించండి.

ఎయిర్‌లాక్‌లోంచి విసిరేయడం. దీని దగ్గర అందరూ బోల్తా పడతారు. చిన్న ఎయిర్‌లాక్, పది ఘనమీటర్లు, చదరపు మీటరు తలుపు. తెరిచిన వెంటనే వచ్చే గాలి తోపు సెకనులో చిన్న ముక్క. ఆ తర్వాత జీవి కడ్డీ పట్టుకుని ఉంటే అక్కడే ఉంటుంది. దాన్ని లాక్కుపోయేంతసేపు గాలి వీచాలంటే పెద్ద గది కావాలి. ఐదు వేల ఘనమీటర్ల హ్యాంగర్‌కి (చిన్న నౌకలు నిలిపే పెద్ద గదికి) అదే తలుపు తెరిస్తే, పీడనం సగానికి పడడానికే 17 సెకన్లు పడుతుంది. కాబట్టి క్లైమాక్స్ హ్యాంగర్‌లో పెట్టండి. రెండు తలుపులు ఒకేసారి తెరుచుకోకుండా ఆపే లాక్‌ని ఎలా తప్పించాలో కూడా ముందే వేసుకోవాలి.

తనని తాను పేల్చుకునే ఓడ. ఏ ఇంజనీరైనా ఓడలో బాంబు ఎందుకు పెడతాడు? క్వారంటీన్ చట్టం కోసం అనండి, లేదా బాంబు మానేసి, ఓడ కక్ష్య తగ్గి కిందికి పడిపోయేలా ఇంజన్ మండించడం పెట్టండి. రెండోదే నా ఓటు. ఆపడం కుదరనిది, అంకెలు నిజమైనవి. కౌంట్‌డౌన్ పొడవు ఎంతో ఊహించి రాయకండి. మ్యాపు మీద పరుగు దూరం కొలిచి, దాన్ని స్టాప్‌వాచ్‌తో నడిచి చూసి, మూడు అడ్డంకుల టైమ్ కలపండి. వచ్చిన అంకెలోంచి ఒక నిమిషం కోయండి.

పాడ్‌లో దాక్కున్న జీవి. ప్రేక్షకుడు ఎదురుచూస్తూనే ఉంటాడు. అందుకే పాడ్‌ని సమస్యగా మార్చండి. 1997 ఫిబ్రవరిలో మీర్‌లో ఆక్సిజన్ డబ్బా అంటుకున్నప్పుడు స్టేషన్‌లో ఆరుగురున్నారు. తిరిగి రావడానికి ముగ్గురేసి పట్టే రెండు సోయుజ్ నౌకలున్నాయి. మంట వాటిలో ఒకదానికి దారి మూసేసింది. సీట్లు సరిపోనప్పుడు జీవి అవసరమే లేదు.

## 7. యాక్షన్ బ్లాకులు: తూటా, మంట, నీరు

తుపాకీ శూన్యంలోనూ పేలుతుంది, తూటా మందులోనే దానికి కావాల్సిన ఆక్సిజన్ ఉంటుంది. గాలి లేదు కాబట్టి శబ్దం మాత్రం చెవికి రాదు. పట్టుకున్న చేతి గుండా, సూట్ గుండా 'దడ్' మని తగులుతుంది. ఇద్దరు హెల్మెట్‌లు ఆనించుకుంటే రేడియో లేకుండానే మాట వినబడుతుంది. రీరికార్డింగ్ టీమ్‌కి ఇవి ముందే రాసివ్వండి.

కాల్చినప్పుడు తుపాకీ వెనక్కి తన్నే దెబ్బకి మనిషి ఎగిరిపోవడం అతి. ఎనిమిది గ్రాముల తూటా సెకనుకి 360 మీటర్ల వేగంతో వెళ్తే, సూట్‌తో కలిపి 200 కిలోల మనిషి సెకనుకి సెంటీమీటరున్నర వెనక్కి జరుగుతాడు. చిన్నదే, కానీ ఆపేది లేదు. తాడు లేనివాడు పది తూటాలు కాలిస్తే నిమిషంలో తొమ్మిది మీటర్ల దూరం. ఫైట్ మాస్టర్‌కి ఈ లెక్క చెబితే కొత్త ఆట దొరుకుతుంది.

మంట బరువు లేని చోట పైకి లేవదు, గుండ్రంగా ఉంటుంది. ఫ్యాన్లు ఆపితే ఆక్సిజన్ అందక బలహీనపడుతుంది. కానీ ఫ్యాన్లు ఆపితే మనుషులు వదిలిన గాలి వాళ్ల ముఖాల చుట్టే నిలిచిపోతుంది. మళ్లీ ఒకటి దక్కితే ఇంకోటి పోతుంది.

నీటిని ఎవరూ వాడుకోవడం లేదు. 2013 జులైలో ఇటలీ వ్యోమగామి లూకా పర్మిటానో స్పేస్‌వాక్‌లో ఉండగా సూట్‌లోని చల్లబరిచే వ్యవస్థ నుంచి లీటరుకు పైగా నీరు హెల్మెట్‌లోకి చేరింది. కిందికి జారదు కాబట్టి కళ్లకీ ముక్కుకీ అంటుకుంది. చూపు ఆనని స్థితిలో తాడు పట్టుకుని ఎయిర్‌లాక్‌కి చేరాడు. అంతరిక్షంలో నీట మునగడం! జీవి లేని ఈ సీన్‌ని ఫస్టాఫ్‌లో వాడితే ప్రేక్షకుడు ఓడకే భయపడతాడు.

ప్రతి బ్లాక్‌కీ రాయాల్సినవి: మొదలయ్యేటప్పుడు తూటాలు ఎన్ని, ముగిసేటప్పుడు ఎన్ని, గాలి ఎంత తగ్గింది, ఏ తలుపు శాశ్వతంగా పోయింది. ఏదీ మారకపోతే ఆ ఫైట్ కోసేయండి.

## 8. నిమిషాల గీత, ఇంటర్వెల్

బయటి సినిమాల టెంప్లేట్‌ని తెచ్చి మధ్యలో ఇంటర్వెల్ కార్డు వేస్తే సరిపోదు. 117 నిమిషాల 'ఏలియన్' (1979)లో ఛాతీ చీల్చుకుని వచ్చే సీన్ దాదాపు సగం దగ్గర వస్తుంది. అంటే ఆ లయ మనకి పనికొస్తుంది, కానీ దాని తర్వాత పదిహేను నిమిషాలు పాప్‌కార్న్ విరామం ఉంటుందని గుర్తుపెట్టుకోవాలి. ఇంటర్వెల్ షాక్‌తో కాకుండా షాక్ వల్ల పుట్టిన ప్రశ్నతో పడాలి. చావు 62వ నిమిషంలో, 'తలుపు లోపలి నుంచి తీశారు' అన్న మాట 67లో.

- 0–6: ఓడలో చిన్న ప్రమాదం, జీవి లేదు
- 6–25: మామూలు పని దినం. తలుపులు, సూట్లు, సొరంగం, లాక్ తప్పించే పద్ధతి, అన్నీ ఇక్కడే వేసేయాలి
- 25–40: సిగ్నల్, వాదన, రహస్య ఆదేశం ప్రేక్షకుడికి
- 40–55: ఖాళీ ఓడ, పాత సిబ్బంది రికార్డింగ్ (నలభై సెకన్లు మించొద్దు), క్వారంటీన్ తలుపు
- 55–67: మొదటి చావు, ఇంటర్వెల్
- 67–88: మొదటి ప్లాన్. బాగా ఆలోచించిన ప్లానే, నియమం తెలియక విఫలం
- 88–102: లోపలి గొడవ, సోకినవాడు బయటపడడం, జీవి పూర్తి రూపం
- 102–123: చక్రం ఆగడం, పరుగు, హ్యాంగర్
- 123–130: పాడ్

జీవిని 88 నిమిషాల ముందు నిండుగా చూపొద్దు. చెయ్యి, నీడ, తడి గుర్తు, అంతే. సీజీ ఖర్చూ మిగులుతుంది.

పాట పెట్టమని ఒత్తిడి వస్తే, భోజనాల గదిలో పాత స్పీకర్‌లో సగం వినబడే పాటగా ఆరో నిమిషం తర్వాత వేయండి. అదే స్పీకర్ ఖాళీ గదిలో తనంతట తాను మోగినప్పుడు దాని విలువ తెలుస్తుంది. డ్యూయెట్ ఫ్లాష్‌బ్యాక్ మాత్రం వద్దు. ఓడ బయటికి కెమెరా వెళ్లిన మరుక్షణం, లోపల బిగించినదంతా సడలిపోతుంది.

## 9. డ్రాఫ్ట్ చదివాక కనబడే జబ్బులు, మందులు

సెకండాఫ్ పరుగులే పరుగులు. మనుషులకి ప్లాన్ లేదని అర్థం. రెండు ప్లాన్లు రాయండి, మొదటిది ఓడిపోవాలి, రెండోది దాని తప్పు దిద్దాలి.

సైంటిస్ట్ ప్రతి సీన్‌లో పాఠం చెబుతున్నాడు. వివరణని వాదనలోకి మార్చండి. ఇద్దరికి రెండు వేర్వేరు అభిప్రాయాలు ఇస్తే సమాచారం దానంతట అదే బయటికొస్తుంది.

జంప్ స్కేర్లు (ఉన్నట్టుండి ఉలిక్కిపడేలా చేసే షాట్లు) ఎక్కువై పనిచేయడం లేదు. మొత్తం మీద నాలుగు చాలు. ప్రతి దానికీ ముందు కనీసం ఇరవై సెకన్లు సంగీతం ఉండకూడదు.

చివర బతికే మనిషి ఎవరో పదో నిమిషంలోనే తెలిసిపోతోంది. కెమెరా దృష్టిని ఇంటర్వెల్ దాకా ఇద్దరి మధ్య సమానంగా పంచండి. ఇద్దరిలో ఎక్కువ నచ్చే వ్యక్తిని 90 దాటాక తీసేయండి.

త్యాగం చేసే పాత్రని చూసి ప్రేక్షకుడికి ఏడుపు రావడం లేదు. వేరే దారి ఉందని ప్రేక్షకుడికి తోస్తోంది. మ్యాపు తెచ్చి ఆ దారి మూయండి.

## 10. నెరేషన్‌కి (నిర్మాతకి కథ చెప్పడానికి) వెళ్లే ముందు

- మ్యాపు చూడకుండా, విన్న మనిషి ఓడని గీయగలుగుతున్నాడా?
- క్లైమాక్స్‌లో వాడిన ప్రతి వస్తువూ 25వ నిమిషం లోపు కనబడిందా?
- జీవి నియమాలు మూడేసిసార్లు వచ్చాయా?
- ఆరు ఫార్ములా కార్డుల వెనకా జవాబు ఉందా?
- గాలి, తూటాలు, తలుపుల లెక్క సీన్‌వారీగా సరిపోతోందా?
- 'ఎందుకో తెలీదు కానీ' అనే మాట డైలాగుల్లో ఎక్కడైనా ఉందా? ఉంటే అక్కడ కారణం రాయలేదన్నమాట. రెండో మెట్టుకి వెళ్లి మ్యాపు తెరవండి.